సున్నం వేసిన గోడ

పోయినవారం మనం బొత్తాలమ్మను మూడో అంతస్తు గదిలో, చేతిలో సున్నం కుంచెతో వదిలేసి వచ్చాం. అల్లుడుగారు పంపిన నోటీసు గడువు దాటిపోయింది. గది ఖాళీ చేయించమని ఆయన పెట్టిన అర్జీ విచారణ కచేరీకి చేరింది. గురువారం విచారణ. దానికి రెండు రోజుల ముందు, మంగళవారం పొద్దున పదింటికి, ఇళ్ల తనిఖీ ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరమ్మ వస్తుందని కబురొచ్చింది. ఆవిడ రాసే కాగితాన్ని బట్టే గది నిలుస్తుందో పోతుందో తేలుతుంది.

కొత్తగా చదివేవాళ్ల కోసం ఇంకో రెండు ముక్కలు. బొత్తాలమ్మ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలీదు. మలుపులో చిన్న బడ్డీ పెట్టుకుని బొత్తాలు, హుక్కులు, జిప్పులు, దారపు రీళ్లు అమ్ముతుంది. మొగుడు పోయి తొమ్మిదేళ్లు. పిల్లల్లేరు. ఆ గదిలో ఉండబట్టి ఇరవై రెండేళ్లు. ఇక అల్లుడుగారంటే ఆ ఇంట్లో ఎవరికీ అల్లుడు కాదు. పాత ఓనరుకి అల్లుడు. మామగారు పోయాక ఇల్లు చేతికొచ్చింది, పిలుపు మాత్రం అలాగే అతుక్కుపోయింది. ఆయనకి కావలసింది స్థలం, దాని మీదున్న ఇల్లు కాదు. కింద అంతస్తులో తాళం వేసిన గోడౌను, మధ్యలో దర్జీ కుటుంబం, పైన బొత్తాలమ్మ. ఎవరితో మొదలుపెట్టాలో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. అడిగే దిక్కు లేని మనిషి దగ్గరే మొదలుపెట్టాడు.

అద్దెకున్న మనిషిని బయటికి పంపడం మరీ తేలికా కాదు, మరీ కష్టమూ కాదు. ఓనరు తనంతట తాను తాళం మార్చకూడదు. ముందు కారణం రాసి నోటీసివ్వాలి, గడువు దాకా ఆగాలి, ఆ తర్వాత కచేరీలో అర్జీ పెట్టాలి. అక్కడ ఆర్డరు పుడితే అప్పుడు కచేరీ నుంచి అమీనా వచ్చి సామాను వీధిలో పెట్టిస్తాడు. ఇంత పొడుగు దారిలో అద్దెకున్నవాళ్లు అడ్డం పెట్టగలిగేది ఒక్కటే. ఇల్లు మనుషులుండేలా లేదని ముందుగానే ఫిర్యాదు చేసి ఉండి, ఆ లోపం నిజమని తనిఖీలో తేలితే, బాగుచేసేదాకా వాళ్లని ఎవరూ కదపలేరు. బొత్తాలమ్మ నోటీసు రాకముందే ఫిర్యాదు చేసింది. పడమటి గోడ నిండా తడి, దాని మీద నల్ల బూజు, కిటికీ దగ్గర నేల ఊగుతోంది. మూడూ వరసగా, కొట్టివేతలు లేకుండా రాసిచ్చింది. అక్కడిదాకా ఆమె బేరం బాగానే నడిచింది.

నష్టం ఎక్కడొచ్చిందంటే, అల్లుడుగారి అర్జీ నకలు చేతికొచ్చినప్పుడు. అందులో ఒక మాట ఉంది. ‘సదరు అద్దెదారు గదిని మురికిగా ఉంచి గోడలు పాడుచేసినందున’ అని. బడ్డీలో నిలబడి ఆ వాక్యం మూడుసార్లు చదివింది. జిప్పు కోసం వచ్చిన మనిషి రెండుసార్లు అడిగినా ఆమెకి వినబడలేదు. పాతికేళ్లుగా రోజూ పొద్దున్నే ఒక్కో సీసా తుడిచి, రంగు వారీగా పేర్చి, అప్పుడు గానీ కొట్టు తెరవని మనిషి. ఆమెని పట్టుకుని మురికి!

శనివారం మధ్యాహ్నం కొట్టు మూసేసి సున్నం కొనుక్కొచ్చింది. ఆదివారం, సోమవారం ఆ గోడ తోమింది, కడిగింది, మూడు పూతలు వేసింది. కుడి భుజం పైకి లేవకపోతే ఎడమ చేత్తో వేసింది.

*

మంగళవారం ఎనిమిదింటికే గది సిద్ధం. మంచం మీద ఉతికిన దుప్పటి, బల్ల మీద రెండు గ్లాసుల మంచినీళ్లు. రెండో గ్లాసు ఎక్కడుందో వెతకడానికే చాలాసేపు పట్టింది. ఆ గదికి చివరగా వచ్చిన మనిషి కరెంటు మీటరు చూసేవాడు. నాలుగు నెలల కిందట. అతనూ గడప దాటలేదు. రోజుకి ముప్ఫై నలభై మంది ఆమెతో మాట్లాడతారు, నిజమే. కానీ అందరూ ‘ఈ రంగుకి సరిపోయేది ఉందా’ అనే మాట్లాడతారు. బడ్డీ మూశాక ఆమె గొంతుకి పనుండదు. ఒక్కోసారి రాత్రి అన్నం దగ్గర దగ్గు వస్తే, ఆ చప్పుడుకి తనే ఉలిక్కిపడుతుంది.

పదింటికి మెట్ల మీద బరువైన బూట్ల చప్పుడు వినిపించింది. ఆగి ఆగి వస్తోంది. మధ్య మధ్యలో కమ్మీ పట్టుకుని ఊపిన కిరకిర. వచ్చింది ముప్ఫై అయిదేళ్ల మనిషి. భుజాన సంచి, చేతిలో అట్ట, జేబులో కలం, మొహంలో ఏమీ లేదు. ఆవిడ వెనకాల చేతులు కట్టుకుని అల్లుడుగారు.

"ఫిర్యాదు చేసింది మీరేనా అమ్మా?"

"నేనే. రండి. జాగ్రత్త, గడప కొంచెం ఎత్తు. ముందు మంచినీళ్లు తాగండి."

ఇన్‌స్పెక్టరమ్మ గ్లాసు వైపు చూడలేదు. గది మధ్యలో నిలబడి చుట్టూ తిరిగి చూసింది, తర్వాత చేతిలో కాగితం చూసింది, మళ్లీ గది చూసింది.

"పడమటి గోడ ఏది?"

"అదేనండీ. మీ ఎదురుగా ఉన్నది."

"ఇదా?"

పాలపొంగులా ఉంది గోడ. కిటికీలోంచి ఎండ పడి కళ్లు చెదురుతున్నాయి.

"నల్ల బూజు అని రాశారు. ఎక్కడ?"

"ఉందండీ." బొత్తాలమ్మ సర్దుకుంది. "ఉండేది."

"ఎప్పటిదాకా?"

"శనివారం దాకా."

"తర్వాత?"

"కడిగి సున్నం వేశాను."

ఇన్‌స్పెక్టరమ్మ అట్ట కిందికి దించింది. "ఎందుకమ్మా?"

"మీరొస్తున్నారని."

తలుపు దగ్గర అల్లుడుగారు దగ్గారు. నవ్వు ఆపుకోడానికి దగ్గే దగ్గు అది. బొత్తాలమ్మకి అప్పుడు తట్టింది, తను చేసిన పనేమిటో. కాళ్ల కింద నేల ఊగడం ఆమెకి రోజూ అలవాటే గానీ, ఈసారి ఊగింది నేల కాదు.

"మురికి అని రాశాడండీ," అంది. తన గొంతు తనకే చిన్నపిల్ల గొంతులా వినబడింది. "ఆ మాట నిజం కాదని మీకు చూపించాలి కదా. బయటి మనిషి ఇంటికొస్తుంటే అలా వదిలేసి ఎలా కూర్చుంటాం?"

"మీరు చూపించాల్సింది బూజునమ్మా. దాన్ని చూద్దామనే నేనొచ్చాను."

"చూశారు కదా మేడమ్, అద్దంలా ఉంది," అన్నారు అల్లుడుగారు. "ఇంతకన్నా మంచి గది ఈ వీధిలో చూపించమనండి."

"మరి మీ అర్జీలో మురికి అని ఉందే?"

"అది వకీలు రాసిందండీ. అయినా అప్పటి సంగతి వేరు. ఇప్పుడావిడ మారింది. సంతోషమే."

ఇన్‌స్పెక్టరమ్మ గోడ దగ్గరికి వెళ్లింది. సంచిలోంచి తడి కొలిచే అరచెయ్యంత యంత్రం తీసి, దాని రెండు సూదుల్ని గోడకి ఆనించింది. అంకె గబగబా పైకి పోయింది. బొత్తాలమ్మకి ప్రాణం లేచొచ్చింది.

"చూడండి! తడి ఉందిగా!"

"సున్నం తడి అది," అన్నారు అల్లుడుగారు నిదానంగా. "నిన్నటి పూత ఇంకా ఆరలేదు. అంతే కదా మేడమ్?"

ఇన్‌స్పెక్టరమ్మ యంత్రం దించేసింది. "ఆయన చెప్పింది నిజమే. వారం రోజుల దాకా ఈ గోడ మీద ఈ అంకె చెల్లదు."

"అయితే వారం తర్వాత రండి."

"గురువారం కదమ్మా మీ విచారణ. నా కాగితం రేపు సాయంత్రానికల్లా అక్కడుండాలి." ఆవిడ గొంతు మొదటిసారి కొంచెం మెత్తబడింది. "మీరు అబద్ధం చెబుతున్నారని నేననుకోవడం లేదు. కానీ నేను చూసిందే రాయాలి, విన్నది రాయకూడదు. ఇవాళ నేను చూసింది తెల్లటి గోడ."

లోపం ఉన్న సరుకుని మంచి వైపు తిప్పి పెట్టడం కొట్టు నడిపే ప్రతివాళ్లకీ తెలిసిన విద్య. చెడ్డ వైపు తిప్పి పెట్టాల్సిన రోజు ఒకటి వస్తుందని బొత్తాలమ్మకి ఎవరూ నేర్పలేదు. పక్కన ఒక మనిషుంటే, ‘ఏమిటే ఆ పిచ్చి పని, బుద్ధి ఉందా’ అని ఒక్క అరుపు అరిచి కుంచె లాక్కునేవాళ్లు. రెండు రోజులు ఆ గదిలో ఆమె చేస్తున్న తప్పుని చూసినవాళ్లు లేరు.

ఇన్‌స్పెక్టరమ్మ కాగితం మీద ఏదో రాయబోతూ కిటికీ వైపు రెండడుగులు వేసింది. చెక్క నేల మూలిగింది. బల్ల మీద గ్లాసుల్లో నీళ్లు వణికాయి. ఆవిడ ఆగి, మడమతో మళ్లీ నొక్కింది. మోకాళ్ల మీద కూర్చుని పలకల మీద వేళ్లతో తట్టుకుంటూ గోడ దాకా వెళ్లింది. గోడ పక్కన ఉన్న పలక దగ్గర చెయ్యి నిలిచిపోయింది.

"ఈ పలక కింద దూలం చివర ఉంటుంది. దూలం గోడలోకి దూరి కూర్చుంటుంది. మీరన్నట్టు గోడలో ఏళ్లతరబడి నీరు నిలిస్తే ముందు పుచ్చేది ఆ చివరే. దాని మీద సున్నం పడదు. తీస్తే తెలిసిపోతుంది."

"అయితే తియ్యండి," అంది బొత్తాలమ్మ.

"ఆగండి. విని మాట్లాడండి. తీశాక నేను చూడనట్టు ఉండలేను. దూలం గట్టిగా ఉంటే మీ ఫిర్యాదు ఉత్తిదైపోతుంది. కొంచెం చెడిందనుకోండి, బాగుచెయ్యమని ఓనరుకి ఆర్డరిస్తాను, మీరు నిశ్చింతగా ఉండొచ్చు. పూర్తిగా పోయిందనుకోండి, తలుపుకి ఎర్ర కాగితం అంటిస్తాను. అప్పుడు మీరే కాదు, కింద ఉన్నవాళ్లు కూడా సాయంత్రానికి బయటికి నడవాలి. ఓనరు వేరే బస చూపించాలని రూలుంది. చూపించేదాకా ఎక్కడుంటారన్నది రూల్లో లేదు."

"తియ్యకపోతే?"

"‘లోపం కనబడలేదు’ అని రాస్తాను."

ఇన్‌స్పెక్టరమ్మ లేచి మోకాళ్ల దుమ్ము దులుపుకుంది.

"గది మీ స్వాధీనంలో ఉంది. నేల విప్పాలంటే మీ సంతకం కావాలి. పనిముట్లు కింద బండిలో ఉన్నాయి, తెచ్చుకుంటాను. ఈలోగా ఆలోచించుకోండి."

*

బూట్ల చప్పుడు కిందికి దిగేదాకా అల్లుడుగారు ఆగారు. తర్వాత గడప దాటి లోపలికొచ్చారు. ఇరవై రెండేళ్లలో ఆయన ఆ గడప దాటడం ఇది రెండోసారో మూడోసారో.

"మీకూ నాకూ మధ్య ఈ ఆఫీసులెందుకమ్మా?" గొంతు తేనెలా ఉంది. "నా మనసులో ఏ కక్షా లేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకోండి. నేనూ అర్జీ వెనక్కి తీసుకుంటాను. ఇంకో రెండేళ్లు హాయిగా ఉండండి. కాగితం మీద రాసిస్తాను."

రెండేళ్లు. బొత్తాలమ్మ గుండె ఒక్కసారి తేలికైంది. సంతోషంలోనే ఉంది, అయినా నోరు మాత్రం దాని అలవాటు ప్రకారం అది పలికింది.

"మూడు చేయండి."

"సరే, మూడు."

ఎంత త్వరగా అన్నాడు! బడ్డీలో అరడజను బొత్తాలకి కూడా మనుషులు ఇంతకన్నా ఎక్కువ పెనుగులాడతారు. ఆమె ఆయన మొహంలోకి చూసింది.

"అయిదు."

"అయిదు… అలాగే కానివ్వండి. అయిదు. మెట్లు కూడా బాగుచేయిస్తాను."

నిన్నటిదాకా ఒక్క నెల ఇవ్వనన్నవాడు, రెండు మాటల్లో రెండుని అయిదు చేశాడు. సరుకు చూడకుండా ఇంత ధర పలుకుతున్నాడంటే రెండే కారణాలుంటాయి. వీడికి బేరం రాకపోవాలి, లేదా లోపల ఏముందో ముందే తెలిసుండాలి. అల్లుడుగారికి బేరం రాదని ఆ వీధిలో ఎవరూ అనరు.

"ఆ పలక కింద ఏముంది బాబూ?" అంది.

"ఏముంటుందమ్మా, దుమ్ము." నవ్వారు. నవ్వింది పెదవులు మాత్రమే. "ఆలోచించుకోండి. మీ వయసులో కొత్త గది ఎవరిస్తారు? తోడొచ్చి అడిగే మనిషి కూడా లేరాయె."

ఆ చివరి మాట అనకపోతే బాగుండేదని ఆయనకే అనిపించినట్టుంది, మెట్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డారు.

అయిదేళ్లు. ఆమె లెక్క వేసుకుంది. తనకిప్పుడు యాభై ఎనిమిది. అరవై మూడు దాకా ఈ కిటికీ, ఈ బల్ల, ఈ మెట్లు. ఆ తర్వాత కాళ్లెలా ఉంటాయో తెలీదు. మొగుడు ఆనుకుని కూర్చునే చోట తలుపు చెక్కకి నూనె మరక ఉంది. దాన్ని మాత్రం సున్నం తగలకుండా జాగ్రత్తగా వదిలేసింది. అయిదేళ్లు ఆ మరక పక్కన ఉండొచ్చు. నోరు మూసుకుంటే చాలు. ఇంత లాభం ఆమెకి జీవితంలో ఎవరూ చూపించలేదు.

ఇక కింద ఎవరున్నారు? దర్జీ, అతని పెళ్లాం, నాలుగేళ్ల పిల్ల, ఏడు నెలల పసిది.

*

దర్జీ మెడలో టేపుతోనే పైకొచ్చాడు. ఇన్‌స్పెక్టరమ్మ కింద అతని గది సీలింగు చూడ్డానికి ఆగి, సంగతి చెప్పినట్టుంది. వెనకాల చంటిదాన్ని ఎత్తుకుని పెళ్లాం.

"అక్కా, నువ్వు సంతకం పెట్టకు," అన్నాడు వస్తూనే.

"తమ్ముడూ, ముందు కూర్చో."

"కూర్చోడానికి టైం లేదక్కా. ఎర్ర కాగితమంట. సాయంత్రానికంట. ఎక్కడికి పోవాలి? కుట్టుడు బట్టలు నలభై జతలున్నాయి, మిషన్లు రెండున్నాయి, పిల్లలున్నారు. నాకు నోటీసు రాలేదు. వచ్చింది నీకు. నీ గొడవలోకి మమ్మల్నెందుకు లాగుతావు?"

"చిన్నది ఎక్కడ పడుకుంటుంది?"

"ఏంటి?"

"మీ చంటిది. ఉయ్యాల ఎక్కడ కట్టారు?"

జవాబు పెళ్లాం చెప్పింది. "కిటికీ వైపు. గాలొస్తుందని."

బొత్తాలమ్మ తన కాళ్ల దగ్గరున్న పలకని చూపించింది. "అంటే సరిగ్గా దీని కింద."

"ఇరవై రెండేళ్లుగా నువ్వు దీని మీద తిరుగుతున్నావు. పడిందా?" అన్నాడు దర్జీ. అతని కళ్లు మాత్రం పలక మీదే ఉన్నాయి. "పడలేదుగా! ఇంకో అయిదేళ్లు కూడా పడదు. అల్లుడుగారు ఇప్పుడే మెట్ల మీద చెప్పారు, నీకు అయిదేళ్లు రాసిస్తానన్నారంట. మాకూ ఇస్తారంట. ఇంకేం కావాలక్కా నీకు? చేతికందిందాన్ని కాలదన్నుకుంటావా?"

"ఎందుకిస్తున్నాడో అడిగావా?"

"ఎందుకైతే నాకెందుకు?"

"పదిహేనేళ్లుగా నా దగ్గర బొత్తాలు కొంటున్నావు. ఎప్పుడైనా నువ్వడిగినదానికన్నా ఎక్కువ నేనిచ్చానా?"

"చచ్చినా ఇవ్వవు. ఒక్క బొత్తం కొసరు అడిగితే కళ్లు పీకి చేతిలో పెడతావు."

"మరి ఈయనెందుకిస్తున్నాడు? నేను మూడంటే మూడన్నాడు, అయిదంటే అయిదన్నాడు. పదడిగితే పది కూడా ఇచ్చేవాడు. ఆ పలక లేపకుండా ఉంటే చాలు ఆయనకి. ఆలోచించు తమ్ముడూ. అందులో ఏముందో ఆయనకి తెలుసు. తెలిసే దాన్ని ఆ ఉయ్యాల మీద అలాగే వదిలేశాడు."

దర్జీ మెడలో టేపు వేలికి చుట్టుకున్నాడు. తెలిస్తే భయమని తెలుసుకోకుండా ఉండాలనుకునేవాళ్ల మొహం ఎలా ఉంటుందో అతని మొహం అలా ఉంది. చివరికి పెళ్లాం వైపు తిరిగాడు, ఆవిడైనా నాలుగు చివాట్లు పెడుతుందేమోనని.

ఆవిడ పసిదాన్ని భుజం మార్చుకుంది. "మీ ఇష్టమండీ," అంది బొత్తాలమ్మతో. "మీ గది. మీరు సంతకం పెడతారు, మేం వీధిలో ఉంటాం. అంతే."

పదేళ్లుగా ఆవిడ ‘వదినా’ తప్ప ఇంకో పిలుపు పిలవలేదు. ఆ ఒక్క ‘అండీ’ బొత్తాలమ్మకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆ ఇంట్లో తనకంటూ ఉన్న చుట్టరికం అంతా కలిపితే ఒక అక్కా, ఒక వదినా. అందులో సగం ఇప్పుడే కొట్టేశారు. మిగతా సగం సంతకంతో పోతుంది.

గదిని నిలబెట్టుకోవాలని పెట్టిన ఫిర్యాదు. ఇప్పుడు దాని వల్లే గదిని పోగొట్టుకోవాలి. లాభం ఎక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు. వెతకడం మానేసింది.

ఇన్‌స్పెక్టరమ్మ పెద్ద స్క్రూడ్రైవరు, ఇనప కమ్మీ పట్టుకుని వచ్చింది. "ఏమనుకున్నారు?"

"కాగితం ఇటివ్వండి."

భుజం నొప్పితో సంతకం వంకరగా వచ్చింది. దర్జీ మొహం తిప్పుకున్నాడు.

*

ఇన్‌స్పెక్టరమ్మ కమ్మీ దూర్చబోయి ఆగింది. పలక అంచున వేలితో రాసింది. "మిగతా వాటన్నిటికీ మేకులున్నాయి. దీనొక్కదానికే మరలున్నాయి. ఎవరో ఇదివరకే విప్పి మళ్లీ బిగించారు. మీకు తెలుసా?"

బొత్తాలమ్మ గుర్తు చేసుకుంది. "ఒకసారి పైపు పని ఉందని పెద్దాయన తాళంచెవి అడిగారు. ఇచ్చి బడ్డీకి వెళ్లిపోయాను. ఆరేళ్లయి ఉంటుంది." మెట్ల వైపు చూసింది. "ఆరోజు మీ మామగారితో మీరు కూడా ఉన్నారు కదూ అల్లుడుగారూ?"

అల్లుడుగారు జేబులోంచి ఫోను తీసి చూసుకుంటున్నారు. అందులో ఏమీ మోగలేదు.

నాలుగు మరలూ ఊడాయి. పలక లేవగానే వాసనొచ్చింది. మూత వేసిన బావిలోంచి వచ్చే వాసనలాంటిది. ఇన్‌స్పెక్టరమ్మ టార్చి వేసి, చెయ్యి అందక, జేబులో కలం తీసి దూలం చివర గుచ్చింది. చెక్కలో గుచ్చితే కలం విరగాలి. అది విరగలేదు. తడిసిన అట్టలోకి దిగినట్టు మూత దాకా దిగిపోయింది.



"పిల్లల్ని బయటికి తీసుకెళ్లండి," అంది ఇన్‌స్పెక్టరమ్మ, తల ఎత్తకుండానే. "సాయంత్రం కాదు, ఇప్పుడే."

దర్జీ పెళ్లాం అప్పటికే మెట్ల మీద ఉంది. దర్జీ ఒక్క క్షణం నిలబడ్డాడు. అక్కా అనలేదు. మెడలో టేపు కింద పడినా చూసుకోకుండా పరిగెత్తాడు. కాసేపటికి కింద నేల మీద పెట్టె ఈడుస్తున్న చప్పుడు.

ఇన్‌స్పెక్టరమ్మ టార్చి ఇంకా లోపలికి వంచింది. దూలం పక్కకి వెలుగు పడగానే దాన్ని అక్కడే ఆపేసింది.

"ఏమైంది?" అంది బొత్తాలమ్మ.

ఆమె కూడా మోకాళ్ల మీద వంగి చూసింది. పుచ్చని చోట, చెక్క మీద, ఎర్ర రంగుతో ఒక గుండ్రం, మధ్యలో అడ్డగీత. దాని కింద తారీఖు. తారీఖు పక్కన రెండు పొడి అక్షరాలు.

"అది మా ఆఫీసు గుర్తు," అంది ఇన్‌స్పెక్టరమ్మ మెల్లిగా. "మనుషులుండకూడదు, వెంటనే ఖాళీ చేయించాలి అని పెట్టే గుర్తు. ఆరేళ్ల కిందటిది."

"మరి ఎవరూ రాలేదే. మాకెవరూ చెప్పలేదే."

"ఈ గుర్తు పెడితే తలుపుకి కాగితం అంటించాలి. ఫైలు తెరవాలి. ఈ ఇంటి పేరు మీద మా దగ్గర ఫైలు లేదు. పొద్దున వెతికే వచ్చాను."

"ఆ అక్షరాలెవరివి?"

ఇన్‌స్పెక్టరమ్మ వెనక్కి తిరిగి అల్లుడుగారిని చూసింది. ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు. ఇందాక పోయిన నిదానం ఆయన మొహంలోకి మళ్లీ వచ్చింది. పేకాటలో అన్ని ముక్కలూ అయిపోయాక ఆఖరి ముక్క తన చేతిలో ఉన్నవాడి నిదానం.

"చెప్పండి మేడమ్," అన్నారు. "అడుగుతోందిగా పాపం."

"నాకీ పని నేర్పినాయనవి," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "అప్పుడు మా ఆఫీసులో ఇన్‌స్పెక్టరు. తర్వాత ప్రమోషనొచ్చి కచేరీకి వెళ్లారు." ఆగింది. "గురువారం మీ కేసు వినేది ఆయనే."

కింద పెట్టె చప్పుడు వీధిలోకి వెళ్లి ఆగిపోయింది. ఆ ఇంట్లో ఇక వాళ్లు ముగ్గురే.

"మీరు చూసిందే రాయాలన్నారు," అంది బొత్తాలమ్మ. "చూశారు. రాస్తారా?"

ఇన్‌స్పెక్టరమ్మ దూలంలోంచి కలం పైకి లాగింది. దాని నిండా నల్లటి పుచ్చు. జేబులోంచి గుడ్డ తీసి తుడవడం మొదలుపెట్టింది. కలం శుభ్రమైంది. అయినా తుడుస్తూనే ఉంది. ఒళ్లో కాగితం తెల్లగా, అలాగే ఉంది.